ప్రభుత్వ వైద్యశాలలలో అపాయకరములైన కట్టడపు సామగ్రి – వాని తొలగింపు

ఇంగ్లండు దేశపు తూర్పు భాగమున, నార్ఫక్ మండలమందు, కింగ్స్‌లిన్ అను పట్టణము కలదు. అచ్చటి క్వీన్ ఎలిజబెత్ వైద్యశాల 1980లో తెరువబడినది. 2023 నాటికి ఆ వైద్యశాల నడవలలోను, వార్డులలోను, కప్పునకు ఊతగా నిలిపిన ఉక్కు స్తంభములును కొయ్య స్తంభములును నాలుగు వేలు దాటినవి. మన మేస్త్రీలు శ్లాబు పోయునపుడు క్రింద నిలుపు సెంట్రింగు జాకీలవంటివే యివి. భేదమొక్కటి కలదు. మన యిండ్లలో శ్లాబు గట్టిపడిన కొలది దినములకు జాకీలను తీసివేయుదురు. అచ్చట కప్పు ఏటేట బలము కోల్పోవుచుండుటచే జాకీలను ఏటేట పెంచుచు వచ్చిరి. ఆ స్తంభముల నడుమనే రోగులు పరుండిరి. వైద్యులు శస్త్రచికిత్సలు చేసిరి. నర్సులు రాత్రులు మేల్కొని తిరిగిరి.

ఈ దురవస్థకు మూలమైన పదార్థమును ఆంగ్లేయులు పొడి యక్షరములతో ‘రాక్’ అని పిలుతురు. ఉక్కు ఊచలు గలదియు, ఆవిరిలో పక్వము చేయబడినదియు, గాలి బుడగలతో నిండినదియు నగు కాంక్రీటు అని దాని భావము. తెలుగున దీనిని ‘బుడగ కాంక్రీటు’ అనుట సుగమము. దీని జన్మస్థానము స్వీడన్ దేశము. 1920 దశకమున యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అను వాస్తుశిల్పి కొయ్యవలె తేలికయై, సులభముగా కోయుటకు వీలై, కుళ్లనిదియు కాలనిదియు నగు పదార్థమును సాధింపవలెనని యత్నించి దీనిని కనుగొనెను. 

దీనిని చేయు విధానము మన వంటయింటి యిల్లాండ్రకు వెంటనే బోధపడును. ఇసుకను మెత్తని పిండిగా నూరి, అందు సిమెంటు, సున్నము, నీరు కలిపి, చిటికెడు అల్యూమినియము పొడిని చేర్చుదురు. సున్నముతో కలిసినంతనే ఆ పొడి హైడ్రోజను వాయువును పుట్టించును. పులిసిన ఇడ్లీ పిండివలె ఆ ముద్ద పొంగి లేచును. కొంత గట్టిపడిన పిమ్మట తీగలతో పలకలుగా కోసి, మూతవేసిన గొప్ప ఇనుప పాత్రలో, మిక్కిలి ఒత్తిడి గల ఆవిరిలో, పెక్కు గంటలు ఉడికింతురు. ఆవిరి వేడి 180 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతమున నుండును. వెలుపలికి వచ్చునప్పటికి పలక గట్టిపడి యుండును గాని, ఇడ్లీవలెనే లోపలనంతయు రంధ్రములే.

సాధారణ కాంక్రీటు ఘనమీటరు ఒక్కింటికి 2,400 కిలోగ్రాములు తూగును. బుడగ కాంక్రీటు అందు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు మాత్రమే. తేలిక యగుటచే చిన్న క్రేనుతోనే పలకలను ఎత్తి గోడలపై పరచవచ్చును; పునాదులకు భారము తగ్గును; వేడి చలి త్వరగా లోనికి రావు; అగ్నికి చక్కగా తట్టుకొనును. ఈ గుణములన్నియు సత్యములే. దీనిని ఎన్నుకొన్నవారు అజ్ఞానులనుట న్యాయము కాదు. కాని తేలిక యైనంత మాత్రమున సరిపోదు. నొక్కుడును ఓర్చుకొను బలము దీనికి సాధారణ కాంక్రీటుతో పోల్చిన మిక్కిలి తక్కువ. అంతకన్న ముఖ్యమైన లోపము ఊచల విషయమున కలదు.

సాధారణ కాంక్రీటునందు ఇనుప ఊచ రెండు విధముల రక్షణ పొందుచుండును. సిమెంటుయొక్క క్షారగుణముచే ఊచకు తుప్పు పట్టదు. కాంక్రీటు గట్టిగా పట్టుకొనుటచే ఊచ జారదు. బుడగ కాంక్రీటునందు ఈ రెండును లేవు. రంధ్రముల గుండ గాలియు తేమయు ఊచవరకు చేరును. కావున ఊచలకు తారువంటి పూతనో, సిమెంటు రబ్బరుపాలు కలిపిన పూతనో పూసి, పిదప అచ్చులో నుంచిరి. పూత చెడినచోట తుప్పు తప్పదు. ఇక పట్టు సంగతి. పలకకు రెండు కొనలయందును అడ్డ ఊచలను అతికి, వానిచే నిలువు ఊచలు జారకుండునట్లు చేసిరి. అనగా పలకయొక్క ప్రాణమంతయు దాని కొనలయందే యున్నదన్నమాట. పని జరుగుచోట మేస్త్రీ పలక పొడవు ఎక్కువైనదని ఒక కొనను కోసివేసినచో, అడ్డ ఊచయు దానితో పోవును. పైకి చూచిన ఆ పలకకును పక్క పలకకును భేదము కనబడదు. అట్లు కోయబడిన పలకలు బ్రిటను భవనములలో ఎన్నియో కలవు.

బ్రిటనులో 1950 దశకమునుండి 1990 దశకపు మధ్యకాలమువరకు ఈ పలకలను వాడిరి. కారణము చరిత్రయందే కలదు. 1948 జూలై 5వ తేదీన ఆ దేశమున జాతీయ ఆరోగ్యసేవ ఆరంభమైనది. ధనికుడు పేద యను భేదము లేక అందరికి ఉచిత వైద్యము లభించునట్టి ఆ వ్యవస్థకు, పూర్వపు శతాబ్దపు పాత కట్టడములే మొదట దిక్కైనవి. 1962లో ప్రభుత్వము గొప్ప వైద్యశాలా నిర్మాణ ప్రణాళికను ప్రకటించెను. అవసరము పెద్దది, ధనము చిన్నది. ఆ దశకపు చివర ‘బెస్ట్ బై’ అను పేర ఒకే నమూనాపై వైద్యశాలలను కట్టు పథకమును సిద్ధపరచిరి. ఒక వైద్యశాల వెలకు రెండు వైద్యశాలలు అనునది దాని ప్రచారవాక్యము. బజారులో ఒకటి కొనిన మరియొకటి ఉచితమను బోర్డును చూచినపుడు మన పెద్దలు సరకును రెండుసార్లు తిప్పి చూతురు. ఆ యోచన అప్పుడు ఎవరికిని కలిగినట్లు లేదు.

కట్టడమున పెక్కు భాగము ఈ పదార్థముతోనే నిర్మింపబడిన వైద్యశాలలు ఇంగ్లండున ఏడు. అవి కింగ్స్‌లిన్‌లోని క్వీన్ ఎలిజబెత్, గార్ల్‌స్టన్‌లోని జేమ్స్ పాజెట్, బరీ సెంట్ ఎడ్మండ్స్‌లోని వెస్ట్ సఫక్, హంటింగ్డన్‌లోని హించింగ్‌బ్రూక్, సర్రే మండలమందలి ఫ్రిమ్లీ పార్క్, క్రూ పట్టణమందలి లేటన్, యార్క్‌షైరులోని ఏర్‌డేల్. చివరిదానిలో, అనగా 1970లో తెరువబడిన ఏర్‌డేల్‌లో, నూటికి 83 పాళ్లు ఈ పదార్థమేనని లెక్కతేలినది. కప్పులు మాత్రమే గాక గోడలును అదియే. ఇవిగాక, ఏదో యొక భాగమున మాత్రము ఈ పలకలున్న వైద్యశాలలు ఎన్నియో బయటపడినవి. ఈ వైద్యశాలల వ్యవస్థలో భారతదేశమునుండి వెళ్లిన వైద్యులును నర్సులును వేలకొలది పనిచేయుచున్నారు. వారిలో తెలుగు కుటుంబములవారును గలరు. కావున ఈ విషయము మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఈ పలకలకు సుమారు 30 ఏండ్ల ఆయుర్దాయమని నేటి ఇంజనీర్ల అంచనా. పలక చెడుటకు ముఖ్యకారణము నీరు. ఆ కాలపు కట్టడములకు పెక్కింటికి సమతలపు కప్పులే. పైని తారుపొర పగిలిన చోట వాననీరు దిగును. నీరు త్రాగిన పలక బరువెక్కి నడుమ వంగును. వంగిన పల్లమున మరికొంత నీరు నిలుచును. నిలిచిన నీటి బరువుకు ఇంకను వంగును. ఈ చక్రము ఒకసారి ఆరంభమైనచో తనంతట తాను ఆగదు. సాధారణ కాంక్రీటులో ఊచ తుప్పుపట్టి ఉబ్బినపుడు పెచ్చులూడి, ఎరుపు మరకలు కనబడి, ఇంటివారిని హెచ్చరించును. బుడగ కాంక్రీటులో ఆ ఉబ్బును రంధ్రములే మ్రింగివేయును. లోపల ఊచ సగము తినివేయబడినను వెలుపల పలక శుభ్రముగానే కనబడవచ్చును. ఇక కొన ఆనిక. గోడపైగాని దూలముపైగాని పలక కనీసము 75 మిల్లీమీటర్లు ఆనవలెనని నేడు చెప్పుచున్నారు. పూర్వపు కట్టడములలో అందు సగము ఆనికయే గలవి కలవు. అట్టి పలక విరుగునపుడు మెల్లగా వంగి తెలుపదు. ఒక్కమారుగా తెగి పడును.

వైద్యశాలకు మరియొక కష్టము కలదు. ఏ కార్యాలయపు కప్పున లేనన్ని వస్తువులు వైద్యశాల కప్పునకు వ్రేలాడుచుండును. ఆక్సిజను గొట్టములు, నీటి గొట్టములు, విద్యుత్తు తీగెలు, శస్త్రచికిత్సా దీపములు, గాలి మార్చు యంత్రములు మున్నగునవి. కాలక్రమమున క్రొత్త యంత్రము వచ్చినపుడెల్ల పలకకు క్రొత్త రంధ్రము పొడిచిరి. రంధ్రము ఊచను తెంపినదో లేదో చూచినవాడు లేడు.

హెచ్చరికలు లేకపోలేదు. 1996లోనే బ్రిటను కట్టడ పరిశోధన సంస్థ ఈ పలకలు మితిమీరి వంగుచున్నవనియు, బీటలు కనబడుచున్నవనియు ప్రకటించెను. 2018లో కెంటు మండలమున ఒక ప్రాథమిక పాఠశాల కప్పు కూలెను. అది సెలవు దినము, పిల్లలు లేరు. చిహ్నములు కనబడినది కూలుటకు 24 గంటల ముందు మాత్రమే. 2019 మే నెలలో, 1980కి పూర్వపు పలకలను మార్చుటకు ఏర్పాటు చేసికొనవలెనని కట్టడ భద్రతా నిపుణులు కోరిరి. 2023 ఆగస్టు 31వ తేదీన, పాఠశాలలు తెరచుటకు కొలది దినముల ముందు, నూటికి మించిన పాఠశాలలలో ఆ భాగములను మూసివేయుమని ఇంగ్లండు ప్రభుత్వము ఆజ్ఞ యిచ్చెను. దేశమంతయు అప్పుడు మేల్కొన్నది. వేల్సులోని విదీబుష్ వైద్యశాలలో అదే నెలలో పలకల స్థితి బయటపడగా కొన్ని వార్డులను ఖాళీచేసి, అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి.

పాఠశాలను మూసివేసిన పిల్లలకు గుడారమునందైనను పాఠము చెప్పవచ్చును. వైద్యశాల సంగతి వేరు. ప్రసవవేదన పడుచున్న స్త్రీకి గాని, శ్వాసయంత్రముపై నున్నవానికి గాని సెలవు ప్రకటింప వీలులేదు. కావున వైద్యశాలలో తొలగింపు అనునది రోగుల నడుమనే, ఒక్కొక్క వార్డుగా, అంచెలంచెలుగా సాగవలసిన పని. 

మొదటి అంచె పరిశీలన. తప్పుడు కప్పు పలకలను తీసి, పైకెక్కి, ఒక్కొక్క పలకను చూచి సంఖ్య వేయుదురు. ఎంత వంగినది, ఎంత తేమ కలదు, కొన ఎంత ఆనినది, కోయబడినదా, రంధ్రములున్నవా అని వ్రాసికొందురు. ఊచ ఎక్కడున్నదో పరికరముతో కనుగొని, అడ్డ ఊచ కొనవరకు వచ్చినదో లేదో తేల్చుదురు. ఒక పెద్ద వైద్యశాలలో పలకలు వేలకొలది. ఇది ఒకసారితో ముగియు పని కాదు. నిన్న బాగున్న పలక వానకాలము పిమ్మట బాగుండునను నమ్మకము లేదు. 

రెండవ అంచె ఊతలు. ప్రమాదమని తోచిన పలక క్రింద వెంటనే స్తంభము నిలుపుదురు. స్తంభము నిలిచినచోట మంచము పట్టదు. రోగిని తీసికొనిపోవు బండి తిరుగదు. మూడవది, ఊతకన్న మేలైనది. వార్డును ఖాళీచేసి, పలకల క్రింద ఉక్కు దూలములతో రెండవ చట్రమును కట్టుదురు. పలక విరిగినను ఆ చట్రముపై పడును గాని రోగిపై పడదు. ఇందుకై ఒక వార్డు రోగులను మరియొక వార్డునకు, ఆ వార్డువారిని ఇంకొక చోటికి మార్చుచుండవలెను. ఒక గడిని ఖాళీగా నుంచుకొని తక్కినవానిని జరుపు పిల్లల పలకబొమ్మల ఆటవంటి పని యిది. కాని యిక్కడ జరుపబడువారు జబ్బు మనుష్యులు. చివరిది నిజమైన తొలగింపు. పైకప్పు పలకలను ఒక్కొక్కటిగా ఎత్తి, వేరు కప్పు వేయుట. కప్పు మాత్రమే చెడిన చోట ఇది సాధ్యము. గోడయు కప్పును నేలయు నదియే యైనచో తొలగింపనగా వైద్యశాలను పడగొట్టుటయే. క్రొత్తది పక్కన లేచువరకు పాతది నిలువవలెను. అందుకే ఆ ఏడు వైద్యశాలలకు క్రొత్త కట్టడములే శరణ్యమని తేలినది.

ఈ పని నడుమ పాత శత్రువొకడు ఎదురగును. అది ఆస్బెస్టాసు, మన నిఘంటువులలో రాతినార. ఆ కాలపు వైద్యశాలలలో ఆవిరి గొట్టముల చుట్టును, బాయిలరుల గదులలోను, తప్పుడు కప్పులయందును దీనిని ధారాళముగా వాడిరి. కదలక యున్నంతవరకు దీని అపాయము తక్కువ. కోసినను, తొలిచినను, విరిచినను కంటికి కానరాని నారలు గాలిలో లేచి ఊపిరితిత్తులలో నాటుకొనును. వ్యాధి బయటపడుటకు 30, 40 ఏండ్లు పట్టవచ్చును. బ్రిటను నీలి, గోధుమవర్ణపు రాతినారలను 1985లోను, తెల్లదానిని 1999లోను నిషేధించెను. ఐనను పూర్వపు పాపఫలముగా మీసోథీలియోమా అను కేన్సరుచే నేటికిని ఆ దేశమున ఏటేట రెండు వేలకు పైగా మరణించుచున్నారు. కావున పలకను పరీక్షించుటకు కప్పు తెరువవలెనన్న, ముందు రాతినార ఉన్నదో లేదో చూడవలెను. ఉన్నచో అనుమతి పొందిన పనివారు ఆ భాగమును ప్లాస్టిక్ పొరలతో మూసి, లోపలి గాలి వెలుపలికి పోకుండ యంత్రముతో లాగి వడబోయుచు, పదార్థమును తడిపి, రెండు సంచులలో కట్టి తీసివేయుదురు. గాలిని పరీక్షించి శుభ్రమని తేలినపిదపనే తక్కినవారు అడుగు పెట్టవలెను. ఒక అపాయమును తొలగించుటకు ముందు మరియొకదానిని తొలగింపవలసి వచ్చుటచే కాలమును వ్యయమును పెరిగినవి.

వ్యయము మాట. 2021 మొదలు 2025 వరకు వైద్యశాలలలో ఈ పలకల అపాయమును తగ్గించుటకై ఇంగ్లండు ప్రభుత్వము 69 కోట్ల 80 లక్షల పౌండ్లు కేటాయించెను. 2035 నాటికి వైద్యశాలలన్నింటను ఈ పదార్థము లేకుండ చేయుదుమని మాట యిచ్చెను. జేమ్స్ పాజెట్, వెస్ట్ సఫక్ అప్పటికే క్రొత్త వైద్యశాలల జాబితాలో నుండగా, 2023 మే నెలలో తక్కిన ఐదింటిని చేర్చి, 2030 నాటికి కట్టి యిత్తుమని ప్రకటించిరి. 2025 జనవరిలో వచ్చిన క్రొత్త కాలక్రమమున ఈ ఏడింటికిని మొదటి వరుసలోనే స్థానము దొరకినది. కాని ఆ వరుసలోని నిర్మాణములు 2025, 2030ల నడుమ ఆరంభమగుననియే అందు కలదు. ముగియుటకును ఆరంభమగుటకును గల దూరమును వానకాలమున ఆ వార్డులలో పనిచేయువారే ఎరుగుదురు. ఊతలపై వెచ్చించిన ధనము ఎట్లును పడగొట్టబోవు కట్టడముపై వెచ్చించిన ధనమే. ఆలస్యమునకు చెల్లించిన వడ్డీ అని దానిని చెప్పవచ్చును.

ఇక మన దేశము. ఇందలి పాఠకులు బెంగుళూరులో, చెన్నైలో, పుణెలో, షోలాపురములో ఇండ్లు కట్టుకొనుచున్నవారు. నేడు గోడలకు తెల్లని, తేలికైన ‘ఏ.ఏ.సి. బ్లాకులు’ విరివిగా వాడుచున్నారు. పుణె ప్రాంతమున వానిని సిపోరెక్సు అనియు పిలుతురు. పైని చెప్పిన వార్తలను విని వానిని గూర్చి భయపడుట తగదు. పిండి అదియే, పక్వము అదియే. కాని ఆ బ్లాకులలో ఇనుప ఊచ లేదు, అవి కప్పును వంగి మోయుటలేదు. కాంక్రీటు స్తంభముల నడుమ గోడను నింపుటకు మాత్రమే వానిని వాడుదురు. చిక్కంతయు ఊచలు గల కప్పు పలకలయందే. అట్టి పలకలు మనదేశమునకు తెలియనివి కావు. నేలకును కప్పునకును వాడు ఊచలు గల బుడగ కాంక్రీటు పలకలకు 1971లోనే భారతీయ ప్రమాణము, 6073 సంఖ్యతో, వెలువడినది.

రాతినార సంగతి మనకు మరింత దగ్గర. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున తెల్ల రాతినార గనులుండెడివి. క్రొత్త గనులకు కౌలు ఇచ్చుట 1986లోను, పాత కౌళ్లను పొడిగించుట 1993లోను కేంద్రప్రభుత్వము ఆపివేసెను. 1995లో సుప్రీముకోర్టు ఈ పరిశ్రమలందలి కార్మికుల ఆరోగ్యమును గూర్చి ముఖ్యమైన తీర్పు నిచ్చెను. త్రవ్వుట ఆగినను విదేశములనుండి తెప్పించుట ఆగలేదు. మనము సిమెంటు రేకులని పిలుచునవి పెక్కు ఆ నారతో చేసినవే. పాత ప్రభుత్వ భవనములపై, వసారాలపై, వంటశాలలపై అవి నేటికిని కలవు. గాలివానకు పగిలిన రేకును ముక్కలుచేసి దారి గుంటలో పరచుట, క్రొత్త రేకును రంపముతో పొడిగా కోయుట, కూలినచోట చీపురుతో ఊడ్చుట మన యూళ్లలో కనబడు పనులు, మూడును హానికరములే. రేకును తీయవలసినచో ముందు నీటితో బాగుగ తడిపి, బోల్టులను కోసి, రేకును విరువక మొత్తముగా దింపి, ప్లాస్టిక్కులో చుట్టవలెను. ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కూడ చుట్టలో చేర్చవలెను. పనివాని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు. వ్యర్థమును పారవేయు విధమును గూర్చియు భారతీయ ప్రమాణములు 1980 దశకముననే వెలువడినవి.

మన సంఘములు నడుపు పాత వైద్యశాలల, పాఠశాలల, సత్రముల మేలు కోరువారు కప్పును ఒకసారి తలయెత్తి చూచుట మంచిది. క్రిందినుండి చూచినపుడు బూడిదవన్నె తెలుపుగా నుండి, సుమారు 60 సెంటిమీటర్లకొక నిలువు గాడి వరుసగా కనబడుచున్నచో, అది ఊచలు గల బుడగ కాంక్రీటు పలక కావచ్చును. స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కిన సులభముగా దిగుట మరియొక గుర్తు. పైని పాతకాలపు గరుకు పూత యున్నచో అందు రాతినార యుండవచ్చును గనుక ఆ పరీక్షను స్వయముగా చేయరాదు. ఆ గదికి తాళమువేసి ఇంజనీరును పిలువవలెను.